అద్దం మీద కొండ: గ్లేషియర్ పార్కు స్టిక్కర్ల కథ

స్టిక్కర్ల మీద కూడా చరిత్ర రాస్తారా, రాజులూ రాజ్యాలూ అయిపోయాయా అని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా పరవాలేదు, చివరిదాకా చదివితే చాలు. రాజుగారు తన విజయయాత్రను రాతి మీద చెక్కించుకుంటే దాన్ని శాసనమని పిలిచి భద్రంగా దాచుకుంటాం. సామాన్యుడు తన వేసవి యాత్రను కారు అద్దం మీద అతికించుకుంటే దాన్ని చిల్లరవస్తువుగా జమకట్టి, రంగు వెలిసాక గోటితో గీకి పారేస్తాం. రెండింటిలోనూ ఉన్న మాట ఒక్కటే: "నేను ఇక్కడికి వచ్చాను." శాసనం చదివే చరిత్రకారుడు అందులో ఉన్నదానితో పాటు లేనిదాన్ని కూడా చదువుతాడు. భూమిని దానం చేసిన దాత పేరుంటుంది, దానికి ముందు ఆ భూమిని దున్నుకున్నవాడి పేరుండదు. అంగుళాలలో కొలిచే ఈ రంగుకాగితాన్ని కూడా అలాగే చదవవచ్చునని నా నమ్మకం.

ఇందుకు నేను ఎంచుకున్నది అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న గ్లేషియర్ జాతీయోద్యానం. ఉద్యానమన్న మాట విని పూలమడులనూ సిమెంటు బల్లలనూ ఊహించుకోకండి. పది లక్షల ఎకరాలకు పైబడిన కొండల సీమ అది. మంచుయుగంలో లోయల నిండా పేరుకున్న మంచు నెమ్మదిగా జారుతూ, రాతిని ఒరుసుకుంటూ, లోయలను తొట్టెల్లా తొలిచి, శిఖరాలను కత్తివాదరల్లా మిగిల్చింది. అక్కడ ట్రిపుల్ డివైడ్ అనే శిఖరం ఒకటుంది. దాని మీద కురిసిన వాన మూడు దారులు పడుతుంది. ఒక పాయ పసిఫిక్ సముద్రానికీ, ఒకటి మెక్సికో సింధుశాఖకూ, మరొకటి ఉత్తరాన హడ్సన్ అఖాతానికీ చేరుతాయి. ఇంతటి కరకు నేలను అరచేతిలో ఇమిడే బొమ్మగా మార్చడం ఎలా? మార్చి ఎవరికి అమ్మాలి? స్టిక్కరు చరిత్ర ఈ రెండు ప్రశ్నల దగ్గరే మొదలవుతుంది.

ఈ పార్కు పేరుతో వెలువడిన పాత స్టిక్కర్లను కొన్నేళ్ళుగా పాతసామాను దుకాణాలలో వెతికి చూస్తున్నాను. మూడు బొమ్మలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. సరస్సు వెనుక నిటారుగా లేచిన కొండ మొదటిది. రాతి అంచున నిలబడ్డ తెల్లని కొండమేక రెండవది. ఈకల తలపాగా ధరించిన ఆదివాసి ముఖం మూడవది. ఈ మూడింటినీ దేశమంతటికీ పరిచయం చేసినది ఒక రైలు కంపెనీ.

ఆ కంపెనీ పేరు గ్రేట్ నార్తర్న్ రైల్వే. మిన్నెసోటా నుంచి పసిఫిక్ తీరానికి పట్టాలు వేస్తూ, రాకీ పర్వతాలను దాటే దారి కోసం అది వెతుకుతున్నప్పుడు, 1889 డిసెంబరులో జాన్ స్టీవెన్స్ అనే ఇంజనీరు గడ్డకట్టే చలిలో నడిచివెళ్ళి మరియాస్ కనుమను ఖాయం చేసివచ్చాడు. 1893 నాటికి రైలు సియాటిల్ చేరింది. గోధుమలకూ కలపకూ ఆ దారి బాగానే పనికివచ్చింది కానీ, ప్రయాణికులు కావాలంటే వాళ్ళు దిగడానికొక కారణం ఉండాలి. కంపెనీ స్థాపకుడు జేమ్స్ హిల్ కొడుకు లూయీ హిల్‌కు ఆ కారణం కిటికీలోంచే కనిపించింది. పట్టాలకు ఉత్తరాన ఉన్న కొండలను జాతీయోద్యానంగా ప్రకటించాలని కోరినవారిలో అతడి కంపెనీ కూడా ఉంది. 1910 మే 11న అధ్యక్షుడు టాఫ్ట్ సంతకంతో అది నెరవేరింది.

ఆ కాలపు సంపన్న అమెరికన్లు వేసవి వచ్చిందంటే ఓడ ఎక్కి యూరప్ పోయేవారు, ఆల్ప్స్ పర్వతాలను చూసి వచ్చేవారు. లూయీ హిల్ వారిని ఇటు మళ్ళించదలచాడు. "ముందు అమెరికాను చూడండి" అన్న నినాదాన్ని కంపెనీ సరంజామా అంతటా ముద్రించాడు. పార్కు తూర్పు ద్వారం దగ్గర 1913లో ఒక పెద్ద హోటలు, లోపల సరస్సు గట్టున 1915లో మరొకటి, స్విట్జర్లాండు ఇళ్ళ తీరులో కట్టించాడు. ఆల్ప్స్‌కు పోవద్దని చెప్పడానికి ఆల్ప్స్ వేషమే వేయవలసి వచ్చిందన్న మాట!

అప్పట్లో యూరప్‌లో, ముఖ్యంగా జర్మనీలో, పోస్టరు స్టాంపుల మోజు నడుస్తోంది. చూడడానికి తపాలా బిళ్ళలాగే ఉంటుంది. చిల్లుల అంచు, వెనుక జిగురు, ముందు ముచ్చటైన రంగుల బొమ్మ. తపాలా విలువ మాత్రం సున్న. గోడ మీది ప్రకటనను ఉత్తరం కవరు మీదికి కుదించడమే దాని పని. డబ్బు తీసుకోకుండా ప్రకటనను మోసుకుపోయే కూలీగా ప్రతి ఉత్తరమూ మారుతుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు సంవత్సరాలలో ఈ మోజు అమెరికాకూ పాకింది. రైలు కంపెనీలూ హోటళ్ళూ దాన్ని అందిపుచ్చుకున్నాయి. ప్రయాణికుడి తోలుపెట్టె మీద అంటించే లగేజి చీటీలు కూడా ఈ కోవలోవే. గ్లేషియర్ కొండలు కాగితం మీదికెక్కి దేశం తిరగడం ఇలా మొదలైంది.

ఇక కొండమేక. 1921లో గ్రేట్ నార్తర్న్ రైల్వే దాన్ని తన చిహ్నంగా స్వీకరించింది. సరుకు పెట్టెల మీద, భోజనశాల పళ్ళేల మీద, కాలెండర్ల మీద, చీటీల మీద ఆ తెల్లని జంతువు నిలబడింది. 1970లో ఆ కంపెనీ ఇతర రైల్వేలతో కలిసిపోయి బర్లింగ్టన్ నార్తర్న్ అయినప్పుడు మేక పదవీ విరమణ చేసింది. రైలు పోయింది గానీ మేక పోలేదు. నేటి స్టిక్కర్లలోనూ అదే భంగిమ, అదే రాతి అంచు. ఆ బొమ్మను కొనుక్కునే పిల్లలకు అదొకప్పటి రైలుబండి గుర్తు అన్న సంగతి తెలియవలసిన పని లేదు. శాస్త్రజ్ఞుల లెక్కలో అది అసలు మేక ప్రజాతికే చెందదు. పేరులో మేకగా, వ్యాపారంలో రైలుగా, అడవిలో మరేదో అయిన ఆ ప్రాణి మాత్రం తన గడ్డి తాను మేస్తూ ఉంది.

మూడవ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కథ బరువెక్కుతుంది.

ఆ కొండల తూర్పు వాలు బ్లాక్‌ఫీట్ జాతి ఆదివాసులది. ఆ పర్వతశ్రేణిని వారు లోకానికి వెన్నెముక అంటారు. మైదానంలోని అడవిదున్నల మీద ఆధారపడి బతికిన ప్రజలు వారు. వేటగాళ్ళ తుపాకులకు దున్నల మందలు అంతరించిపోయాక, 1883-84 శీతాకాలంలో, ప్రభుత్వం పంపవలసిన తిండి చాలినంత అందక, దాదాపు 600 మంది ఆకలితో చనిపోయారు. ఆ జాతి మొత్తంలో అది నాలుగో వంతు. ఆ గాయం మానకముందే, కొండలలో రాగి, బంగారం ఉన్నాయన్న పుకారుతో గనులవాళ్ళ ఒత్తిడి మొదలైంది. 1895లో ప్రభుత్వ ప్రతినిధులు ముగ్గురు బేరానికి వచ్చారు. వారిలో ఒకడు జార్జి బర్డ్ గ్రిన్నెల్. ప్రకృతి ప్రేమికుడు, బ్లాక్‌ఫీట్ కథలను సేకరించి పుస్తకం వేసినవాడు, ఆ ప్రజలకు నమ్మకస్తుడు. పెద్దలు 30 లక్షల డాలర్లు అడిగారు. చివరికి 15 లక్షలకు బేరం తెగింది. ఆ సందర్భంలో వైట్ కాఫ్ అనే పెద్దమనిషి, చీఫ్ మౌంటెన్ అనే కొండ తన తల వంటిదనీ, ఇప్పుడు ఆ తల తెగిపడిందనీ అన్నాడు. ఒప్పందపత్రంలో భూమి విస్తీర్ణం ఉంది, సొమ్ము ఉంది. తలకు వెల కట్టే నిలువుగడి అందులో లేదు.

అయినా ఆ పత్రంలో వారు ఒక హక్కును నిలబెట్టుకున్నారు. అది ప్రభుత్వ భూమిగా ఉన్నంతకాలం అక్కడ వేటాడవచ్చు, చేపలు పట్టవచ్చు, కలప కొట్టుకోవచ్చు. గనులవాళ్ళకు చెప్పుకోదగ్గ లోహమేదీ దొరకలేదు. పదిహేనేళ్ళు గడిచాయి. కొండలకు "ఖండపు కిరీటం" అని పేరు పెట్టి, వాటిని ఉద్యానంగా కాపాడాలని ఏళ్ళ తరబడి రాసినవాడు ఆ గ్రిన్నెలే. పార్కు ఏర్పడింది, పార్కులో వేట నిషిద్ధమైంది. ఉద్యానమయ్యాక ఆ భూమికి పాత హక్కులు వర్తించవని ప్రభుత్వం వాదించింది. 1935లో న్యాయస్థానం ఆ వాదననే సమర్థించింది. కొండలను గనుల నుంచి రక్షించాలన్న సదుద్దేశమూ, వాటి సొంతదారులను గడప అవతల నిలబెట్టిన చట్టమూ ఒకే కలం నుంచి వచ్చాయి. ఇందులో ఒకదాన్ని మెచ్చి రెండవదాన్ని మరచిపోవడం సులువు. స్టిక్కరు మనకు ఆ సులువునే అమ్ముతుంది.

ఎందుకంటే పార్కు నుంచి తప్పించబడిన మనుషులు పార్కు బొమ్మలోకి మాత్రం ఆహ్వానించబడ్డారు. రైలు దిగే యాత్రికులకు స్వాగతం చెప్పడానికి బ్లాక్‌ఫీట్ కుటుంబాలను కంపెనీ కూలికి పెట్టుకుంది. హోటలు ముందు పచ్చికలో వారి డేరాలు వేయించింది. వారికి "గ్లేషియర్ పార్కు ఇండియన్లు" అని పేరు పెట్టింది. 1913లో కొందరిని న్యూయార్కు తీసుకుపోయి, మెకాల్పిన్ హోటలు మేడ మీద డేరాలు కట్టించి పత్రికలవాళ్ళకు చూపించింది. వైట్ కాఫ్ దత్తపుత్రుడైన టూ గన్స్ వైట్ కాఫ్ ముఖం ఆ ప్రచారమంతటికీ గుర్తయింది. 1913 నాటి అయిదు సెంట్ల నాణెం మీది ఆదివాసి ముఖం అతడిదేనని లోకం నమ్మింది. నాణేన్ని రూపొందించిన శిల్పి ఫ్రేజర్ కాదన్నా ఆ నమ్మకం చావలేదు. తండ్రి ఆ కొండలను తన తలతో పోల్చుకున్నాడు. కొడుకు తల ఆ కొండల ప్రకటన అయింది. అడవిలో జింకను కొడితే నేరస్తుడు, స్టేషనులో ఈకలు పెట్టుకుని నిలబడితే ఆతిథేయుడు.

దీన్ని ఒట్టి దోపిడీ అని ఒక్క మాటలో ముగించడానికి నాకు మనసొప్పదు. ఆ రోజులలో ప్రభుత్వ వసతి బడులు ఆదివాసి పిల్లల జుట్టు కత్తిరించి, వారి భాషను నోట పలకనీయని రోజులు. హోటలు ముందు పచ్చిక మీద పాటా, ఆటా, వేషమూ కూలి తెచ్చిపెట్టాయి. కూలికి ఆడిన ఆటైనా, పిల్లలు చూస్తుండగా ఆడిన ఆట. జర్మనీ నుంచి వచ్చిన చిత్రకారుడు వినోల్డ్ రైస్ గీసిన బ్లాక్‌ఫీట్ చిత్రాలను 1928 నుంచి 1958 దాకా రైల్వే తన కాలెండర్లలో అచ్చువేసింది. ఆ చిత్రాలలో ఉన్నవారు ఊహించిన బొమ్మలు కారు, పేరూ ఊరూ ఉన్న మనుషులు. కాలెండరులో పేరున్న మనిషి స్టిక్కరులోకి వచ్చేసరికి వట్టి ఈకల తలపాగా అయ్యాడు. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ముందుగా రాలిపోయేది పేరేనేమో.

ఇంతలో కారు వచ్చింది. జాతీయోద్యానాలలోకి మోటారు బండ్లను రానివ్వాలా వద్దా అని కొన్నేళ్ళు పెద్ద వాదమే జరిగింది. గుర్రాలు బెదురుతాయన్నారు, దారులు చాలవన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రెయినియర్ పార్కు అందరికంటే ముందు తలుపు తెరిచింది. 1912లో గ్లేషియర్, 1913లో యోసెమిటీ, 1915 ఆగస్టు 1న యెల్లోస్టోన్ కార్లను అనుమతించాయి. యెల్లోస్టోన్‌లో ఒక విడత ప్రవేశానికి 5 డాలర్లు వసూలు చేశారు. అంతకు ముందు ఏడాది హెన్రీ ఫోర్డు గొప్పగా ప్రకటించిన రోజుకూలి కూడా అంతే. అంటే కారు తయారుచేసే కార్మికుడు ఆ కారులో పార్కుకు పోవాలంటే ఒక రోజు చెమట గేటు దగ్గర ధారపోయాలి.

రుసుము కట్టినట్టు రుజువేమిటి? కాగితపు రసీదు గాలికి పోతుంది, జేబులో నలుగుతుంది. అందుకని కారు ముందద్దానికి అతికించే చీటీ పుట్టింది. 1920, 30లలో చాలా పార్కులు తమ తమ బొమ్మలతో ఇలాంటి చీటీలను ఇచ్చాయి. ఎలుగుబంటో, కొండో, చెట్టో, కింద పార్కు పేరో, సంవత్సరమో. గేటు కాపరికి అది రసీదు. ఊరికి తిరిగివచ్చాక ఇరుగుపొరుగుకు అది బిరుదు. నాలుగైదు పార్కులు తిరిగినవాడి అద్దం మీద నాలుగైదు బిరుదులు. గీకి తీసేయవలసిన చీటీని తీయక ఉంచుకోవడంతో అది జ్ఞాపికగా మారింది. ప్రభుత్వం రుసుము కోసం కనిపెట్టిన వస్తువుకు అభిమానం అన్న రెండవ విలువను జనమే తెచ్చిపెట్టారు. తిరుమల కొండకు పోయివచ్చినవాళ్ళ కారు అద్దం మీద నామాలను చూసి పెరిగిన మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

గ్లేషియర్ పార్కుకు కారు యాత్రికులను తెచ్చినది "గోయింగ్ టు ది సన్" రహదారి. సూర్యుడి దగ్గరకు పోయే దారి అని మనం చెప్పుకోవచ్చు. రాతిగోడల పక్కన తొలిచి, 6,646 అడుగుల ఎత్తున్న లోగన్ కనుమ మీదుగా, దాదాపు 50 మైళ్ళు వేసిన ఆ దారిని 1933 జులై 15న ప్రారంభించారు. మరుసటి ఏడు జాతీయోద్యానాల సంవత్సరమన్నారు. 1934 ఆగస్టు 5న అధ్యక్షుడు రూజ్వెల్టు ఈ పార్కుకే వచ్చి టూ మెడిసిన్ సరస్సు ఒడ్డు నుంచి రేడియోలో దేశప్రజలతో మాట్లాడాడు. అదే నెలలో అదే సరస్సు బొమ్మతో 9 సెంట్ల తపాలా బిళ్ళ వెలువడింది. ఆ ఏడాది పది పార్కులకు పది బిళ్ళలు, ఒక సెంటు నుంచి పది సెంట్ల దాకా. రైలు కంపెనీ దాదాపు ఇరవయ్యేళ్ళ కిందట తపాలా బిళ్ళలాంటి ప్రకటనను వేస్తే, ప్రభుత్వం ఇప్పుడు ప్రకటనలాంటి తపాలా బిళ్ళను వేసింది.

నేటి స్టిక్కర్ల రూపురేఖలకు మూలం కూడా ఆ దశాబ్దంలోనే ఉంది. ఆర్థికమాంద్యంలో పని లేని చిత్రకారులకు ప్రభుత్వమే పని చూపిన రోజులవి. 1938 నుంచి 1941 వరకు కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పార్కుల కోసం 14 పోస్టర్లు తయారయ్యాయి. పట్టుతెర మీదుగా రంగును ఒత్తి తీసే పద్ధతి. ఒక్కో రంగుకు ఒక్కో తెర. అందువల్ల రంగులు తక్కువ, గీతలు తక్కువ, నీడలు పలకలు పలకలుగా. యుద్ధం రాగానే పని ఆగింది, పోస్టర్లు చెల్లాచెదరయ్యాయి. 1970లలో ఒక రేంజరుకు గ్రాండ్ టీటన్ పార్కు కొట్టంలో చెత్తతో పాటు కాల్చేయబోతున్న ఒకటి దొరికింది. 1990లలో అవి మళ్ళీ అచ్చయ్యాయి. ప్రభుత్వం చేయించిన పని కనుక వాటి మీద ఎవరికీ గుత్తహక్కు లేదు. ఇక చెప్పేదేముంది, ఆ తీరు బొమ్మలే చొక్కాల మీదా గిన్నెల మీదా స్టిక్కర్ల మీదా వెల్లువెత్తాయి. ఈ కాలపు యాత్రికుడు పాతకాలపు తీరని ముచ్చటపడి కొనేది నిజానికి రంగులు పొదుపు చేయవలసివచ్చిన ఒక కరువుకాలపు పనితనం.

యుద్ధం ముగిశాక కుటుంబాలు కార్లెక్కాయి. ఇది నీటి స్టిక్కర్ల కాలం. జిగురు పూసిన కాగితం మీద సన్నని పొరగా బొమ్మను అచ్చువేస్తారు. గిన్నెడు నీళ్ళలో నానబెడితే జిగురు కరిగి బొమ్మ కాగితాన్ని వదిలి జారుతుంది. దాన్ని వేలితో మెల్లగా అద్దం మీదికి జరపాలి. తొందరపడితే చిరుగుతుంది, ఆలస్యమైతే ముడుచుకుంటుంది. పెట్రోలు బంకులలో, దారిపక్క హోటళ్ళలో చిల్లరడబ్బులకు అమ్మేవారు. అప్పటికే 1935లో లాస్ ఏంజలెస్‌లో స్టాంటన్ ఏవరీ, వెనుక కాగితం ఊడదీసి ఒత్తితే అతుక్కునే చీటీలను తయారుచేసే యంత్రం కట్టాడు. క్రమంగా ఆ పద్ధతే గెలిచింది. వాటికి వినైలు తోడై, ఎండకూ వానకూ చలించని నేటి స్టిక్కరు వచ్చింది.

నా దగ్గర గ్లేషియర్ పార్కు నీటి స్టిక్కరొకటి ఉంది. పాతసామాను దుకాణంలో కొన్నాను. ఎవరో కొని, నానబెట్టకుండా కవరులోనే ఉంచేశారు. దాన్ని అంటిస్తే నా దగ్గర ఉండదు, అద్దానిదైపోతుంది. అంటించకపోతే అది పుట్టిన పని నెరవేరదు. మా ఇంట్లోవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంది. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా ఒక కుటుంబం కనిపిస్తుంది. సెలవులు ముగిసి, ఇల్లు చేరి, రేపు అంటిద్దామని సొరుగులో పెట్టి, ఆ రేపు రాని కుటుంబం. యాత్రలన్నీ ఇలాగే ఏదో ఒక సొరుగులో ముగుస్తాయి కాబోలు.

1986లో జాతీయోద్యానాలకు "పాస్‌పోర్టు" అనే చిన్న పుస్తకం వచ్చింది. వెళ్ళిన చోటల్లా తేదీ ముద్ర వేయించుకోవచ్చు, ఏటేటా వచ్చే పది బొమ్మల స్టిక్కర్లను అందులో అతికించుకోవచ్చు. రసీదుగా పుట్టిన చీటీ మళ్ళీ పత్రంగా మారి, ఈసారి పుస్తకంలో కుదురుకుంది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల ఇళ్ళలోనూ ఈ పుస్తకాలను చూశాను. పిల్లలు ముద్ర కోసం తల్లిదండ్రులను పార్కులన్నీ తిప్పుతారు. పులిహోర డబ్బాతో బయలుదేరిన ప్రయాణానికి ఆనవాలుగా ఫ్రిజ్ తలుపు మీద కొండమేక ఒకటి నిలుస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఆ పిల్లలకు దానితో పాటు కథ కూడా చెప్పాలన్నదే నా కోరిక.

కథలో ఇప్పుడు మరొక పాత్ర జారిపోతోంది. పార్కు పేరులోనే ఉన్న హిమానీనదం. 1850 ప్రాంతంలో అక్కడ దాదాపు 150 హిమానీనదాలు ఉండేవని అంచనా. 2015 నాటి కొలతలలో, హిమానీనదమని పిలవదగ్గ పరిమాణంలో మిగిలినవి 26. పేరున్న 37 హిమానీనదాలు 1966 నుంచి 2015 మధ్య సగటున 39 శాతం వైశాల్యాన్ని కోల్పోయాయి. కొన్నిటిలో ఆ నష్టం 80 శాతం దాటింది. 1887లో గ్రిన్నెల్ ఎక్కి చూసిన మంచు అతడి పేరుతోనే నిలిచింది. ఆ అర్ధశతాబ్దంలో అదీ 45 శాతం తరిగింది. పాత ఫొటోలు తీసిన చోటనే నిలబడి శాస్త్రజ్ఞులు కొత్త ఫొటోలు తీశారు. పాతదానిలో మంచు ఉన్నచోట కొత్తదానిలో నీళ్ళున్నాయి, ఒట్టి రాయి ఉంది. 2020 నాటికి ఇవన్నీ పోతాయని పార్కులో కొన్ని చోట్ల బోర్డులు రాసి పెట్టారు. ఆ గడువు దగ్గరపడే వేళకు మంచు ఇంకా మిగిలి ఉండడంతో బోర్డులను మార్చారు. ఎప్పుడు పోతాయన్నది మనుషులు ఏం చేస్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుందని కొత్త బోర్డుల సారాంశం. తేదీ తప్పింది గానీ దిశ తప్పలేదు.

స్టిక్కరు మీద మాత్రం మంచు కరగదు. ఎండకు వెలవకుండా పైన పొర వేసి మరీ అమ్ముతారు. శిఖరం ఎప్పుడూ తెల్లగా, సరస్సు ఎప్పుడూ నీలంగా. 1910ల పోస్టరు స్టాంపు ఆకలిచావుల నాటి మనుషులను ఈకల తలపాగాలుగా నిలిపినట్టే, నేటి వినైలు బొమ్మ కరుగుతున్న మంచును తెల్లరంగుగా నిలుపుతోంది. రెండూ అబద్ధాలనలేం. ఆ మనుషులున్నారు, ఆ మంచూ ఉంది. అయితే బొమ్మ వాటిని కాలం నుంచి ఊడబెరికి తీసుకుంటుంది. ఊడబెరికిన చోట ఏం మిగిలిందో అడిగే బాధ్యత కొన్నవాడిది.

అడిగితే జవాబు చెప్పేవారు అక్కడే ఉన్నారు. బ్లాక్‌ఫీట్ ప్రజలు పార్కుకు తూర్పున తమ రిజర్వేషనులో నేటికీ నివసిస్తున్నారు. వారితో పాటు పడమటి వైపు సేలిష్, కూటెనాయ్ ప్రజలు కూడా ఆ కొండలను తమవిగా ఎరిగినవారే. 1982 నుంచి పార్కులోనే వేసవి సాయంత్రాలలో ఈ జాతులవారు తమ కథలను తామే యాత్రికులకు చెప్పే కార్యక్రమం సాగుతూ వచ్చింది. స్టిక్కరు మీద ఎన్నడూ నోరు విప్పని ముఖం అక్కడ మాట్లాడుతుంది. యాత్రికుడి చీటీ "వచ్చాను" అంటుంది. వారి మాట "ఉన్నాం" అంటుంది. మొదటి మాటకు అచ్చుయంత్రాలు దొరికాయి. రెండవ మాటను వినడానికి మనిషి వెళ్ళి కూర్చోవాలి.

వైట్ కాఫ్ తన తలగా చెప్పుకున్న చీఫ్ మౌంటెన్ పార్కుకు తూర్పు అంచున, శ్రేణికి కాస్త ఎడంగా, మైదానం మీదికి ఒంటరిగా నిలబడి ఉంటుంది. పార్కుకూ బ్లాక్‌ఫీట్ రిజర్వేషనుకూ నడుమ హద్దురేఖ ఆ కొండ మీదుగానే పోతుంది. పటం మీద గీత స్పష్టంగా ఉంది. కొండ మీద గీత ఎక్కడా కనిపించదు. మీ ఫ్రిజ్ మీదో, పెట్టె మీదో ఎక్కడిదైనా ఒక కొండ బొమ్మ ఉంటే, ఈసారి దాన్ని దాటి వెళ్ళేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు? మీ దగ్గరున్న బొమ్మ కథ ఏమిటో తెలిస్తే రాయండి. నాకు వినాలని ఉంది.